గంట మోగేది ఎవరి కోసం?

పూజకు ముందు గంట కొట్టేది దేవతలను రమ్మనడానికి, రాక్షసులను పొమ్మనడానికి అంటారు పెద్దలు. రాగిలో తగరం కలిపిన కంచు కాబట్టి ఆ నాదం చాలాసేపు నిలుస్తుంది. లేపాక్షిలో 16వ శతాబ్దపు రాతి బసవన్న మెడకూ శిల్పులు గంటల దండ చెక్కారు.

తిరుమల కథ ఇంకా వింత. 1268లో పుట్టిన వైష్ణవ గురువు వేదాంత దేశికులు శ్రీవారి గంట అవతారమని వైష్ణవుల నమ్మకం. ఆ గంటను మింగినట్టు తల్లికి కల వచ్చిందట! అందుకే అక్కడ గర్భాలయంలో చేతిగంట వాడరని, నైవేద్యం వేళ బయటి మండపంలోని పెద్ద గంటలే మోగుతాయని చెబుతారు.

ప్రొద్దుటూరు, మొయినాబాద్ శ్రోతలూ! ఈసారి చిలుకూరు బాలాజీ గుడికో, మీ ఊరి శివాలయానికో వెళ్లినప్పుడు పూజగంట పిడి చూడండి. నంది ఉంటే సాధారణంగా శివుడిది. గరుడుడో హనుమంతుడో ఉంటే విష్ణువుది.