జీడిపండు వగరును కొలిచేదెలా?

మన్యంలోని గుమ్మలక్ష్మీపురం కొండవాలుల్లో సవర, జాతాపు గిరిజన రైతులు జీడిమామిడి పెంచుతారు. గింజ ఒలుచుకుని పండు పారేయడమే ఎక్కువ. ఆ పండు కొరికితే నాలుకను పట్టేసే వగరు పాలీఫినాల్స్ అనే పదార్థాలది. ఎర్ర వైన్‌లో వగరూ వీటి వల్లే.

గాలి తగిలినప్పుడు పాలీఫినాల్స్ ఎలక్ట్రాన్లు వదులుతాయి. అది ఆక్సీకరణం. తిరిగి అందుకుంటే క్షయకరణం. 1927లో ఫోలిన్, సియోకాల్టూ అనే శాస్త్రవేత్తలు రూపొందించిన పసుపు ద్రావణం ఆ ఎలక్ట్రాన్లను తీసుకుని నీలంగా మారుతుంది. నీలం ఎంత చిక్కనైతే పాలీఫినాల్స్ అంత ఎక్కువ. అయితే జీడిపండులో విటమిన్ సి నారింజలోకన్నా ఎక్కువ, అదీ ఎలక్ట్రాన్లిస్తుంది. దాన్ని విడిగా కొలిచి తీసేయకపోతే లెక్క తప్పుతుంది.

వైన్ పరిశోధకులు వాడే సైక్లిక్ వోల్టామెట్రీ అనే పద్ధతి ఇంకా మేలని నా అభిప్రాయం. రసంలో కార్బన్ ఎలక్ట్రోడ్ ముంచి వోల్టేజీని పెంచి, మళ్లీ తగ్గిస్తారు. తేలిగ్గా ఎలక్ట్రాన్లిచ్చేవి తక్కువ వోల్టేజీలోనే బయటపడతాయి. తగ్గించేటప్పుడు వచ్చే కరెంటును బట్టి ఆ పదార్థం పాత రూపానికి రాగలదో లేదో తెలుస్తుంది.

గోవాలో ఇదే పండుతో ఫెనీ అనే సారా కాస్తారు. మన్యం పండు రసాన్నీ ఇలా పరీక్షించి, వగరు తగ్గించి నిలవచేసే దారి రైతులకు చూపమని మన ఉద్యాన శాస్త్రవేత్తలను కోరుతున్నాను.