మన ఇంటి ముంగిటి దివ్యక్షేత్రం



బదరీ కేదారాలు సేవించి వచ్చినవారు అక్కడి ప్రకృతి శోభను నోరారా వర్ణిస్తారు. సంతోషమే. అయితే గౌతమీ వసిష్ఠల నడుమ వెలసిన మన కోనసీమను ఎన్నడైనా అంత శ్రద్ధతో దర్శించామా?

కనుమనాటి జగ్గన్నతోటను స్మరించండి. మొసలపల్లి చెంతనున్న ఆ కొబ్బరితోటలో ఆలయమే లేదు. అయినా వ్యాఘ్రేశ్వరుడు మొదలైన ఏకాదశ రుద్రులు ప్రభలపై అక్కడికే విచ్చేస్తారు. గంగలకుర్రు ప్రభలు కౌశికలో దిగి, వరిచేల మీదుగా సాగుతాయి. పైరు నలిగినా రైతు చింతించడు. స్వామి తన చేనులో అడుగిడినాడని పొంగిపోతాడు. 2023 గణతంత్ర దినోత్సవాన మన రాష్ట్ర శకటం ఢిల్లీలో చూపినది ఈ ప్రభల తీర్థాన్నే.

గీత పదవ అధ్యాయంలో భగవానుడు ప్రవాహాలలో గంగను, వృక్షాలలో అశ్వత్థాన్ని తన విభూతులుగా పేర్కొన్నాడు. మరి స్వామి దాటివచ్చే నీటిలోనే చెత్త పోయడం అపచారం కాదా? కనుమనాడు ప్రభకు భుజం పట్టినవారు, తక్కిన దినములలో ఆ కాలువను, ఆ పచ్చదనాన్ని కాపాడితేనే ఆ సేవ పూర్ణమవుతుంది. రేపు ఉదయం దీపారాధన ముగించి, కాసేపు కాలువగట్టున నిలిచి చూడండి.

స్వస్తి.