పాత కీర్తనలు - అచ్చుహక్కు



మా యూరి భజనకూటమువారియొద్ద ఒక చేతివ్రాత పుస్తకము కలదు. మూడుతరములవారు పాడిన కీర్తనలు అందున్నవి. దాని యంచులను చెదలు తినుచున్నవి. అచ్చు వేయింతమని పెద్దలు తలచిరి. "దేవుని పాటకు ఎవరి యనుమతి కావలెను?" అని యొకరు, "వ్యాజ్యము వచ్చిన మన గతి యేమి?" అని మఱియొకరు వాదించి, తుదకు బడిపంతులుగా నుండి విశ్రమించిన నాయొద్దకు ఆ పుస్తకమును దెచ్చిరి. చట్టము చదివి నేను గ్రహించినదానిని మీకును విన్నవించుచున్నాను.

మనదేశమున 1957వ సంవత్సరపు గ్రంథస్వామ్య చట్టము అమలులో నున్నది. కర్త గతించిన మఱుసటి యేడు మొదలుకొని 60 ఏండ్లు హక్కు నిలుచును. పిదప ఆ కృతి లోకముసొత్తు. 1904లో ఎట్టయాపురమున తెలుగులిపిలో వెలువడిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిని రచించిన సుబ్బరామ దీక్షితులు 1906లో గతించిరి. ఆ గ్రంథమును నేడెవ్వరైనను ముద్రింపవచ్చును. స్కాట్లాండు దేశపు ఫిడేలు విద్వాంసుడు నీల్ గౌ (1727-1807) ప్రకటించిన సంపుటములును అట్టివే.

అయితే ఇచట నొక మెలిక కలదు. చట్టము సాహిత్యమును వేఱుగాను, సంగీతమును వేఱుగాను ఎంచును. 1503లో పరమపదించిన అన్నమాచార్యుల సంకీర్తనలకు రాగిఱేకులపై రాగముపేరు కలదు గాని స్వరము లేదు. వానిలో పెక్కింటికి స్వరము కూర్చినవారు మన అనంతపురము మండలమందలి రాళ్ళపల్లిలో జన్మించిన అనంతకృష్ణశర్మగారు. వారు 1979లో దివంగతులైరి. కావున పదములు అందఱివి. ఆ స్వరరచనకు మాత్రము 2039 తుదివఱకు రక్ష కలదు.

భజనలో పాడుటకు భయము వలదు. ఔత్సాహిక సంఘము వినువారియొద్ద రుసుము గొనక పాడినను, మతసంస్థ ప్రయోజనార్థము పాడినను దోషము కాదని చట్టమే చెప్పుచున్నది. అచ్చు వేసి పంచుట వేఱు.

అందుచేత పుస్తకమును మూడు పాళ్ళు చేసితిని. పాత సాహిత్యము అచ్చునకు. ఇటీవలివారి స్వరములు అనుమతి కోరుటకు. క్రొత్త గ్రంథములనుండి ఎత్తివ్రాసిన తాత్పర్యములు విడుచుటకు. ఒక పెద్దకు కోపము వచ్చెను. "అయ్యా, వాన దేవుడిచ్చునది, బావి త్రవ్వినవాడు మనుష్యుడు. ఈ యెండలసీమలో అడిగి తోడుకొనుట మనకు క్రొత్తయా?" అంటిని. ఆయన కొంతసే పూరకుండి, అనుమతిలేఖపై తానే మొదటి చేవ్రాలు చేసెను.

మీ గ్రామములందును ఇట్టి పుస్తకములుండును. చెదలకు చట్టము తెలియదు. ముందుగా నకలు వ్రాసి దాచుడు. కర్త పేరును ఎన్నడును చెఱుపకుడు. ముద్రించుటకు ముందు కర్త గతించిన సంవత్సరమును విచారింపుడు.