ఆడి నేర్చిన పాఠము
(గ్రామీణ ఉపాధ్యాయుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగము)



మన పల్లెలలో బొమ్మల పెండ్లి ఆడని పిల్లలు అరుదు. ఆ ఆటలో పెండ్లికూతురి తల్లియై కూర్చున్న ఏడేండ్ల బాలికకు మగపెండ్లివారిని మెప్పించుట ఎంత కష్టమో తెలిసిపోవును. ఎవరును ఆమెకు పుస్తకము తెరచి చెప్పలేదు. మరొకరి పాత్ర ధరించి, వారి చిక్కులలో తాను పడి, ఒక నిర్ణయము చేసి, దాని ఫలితమును తానే అనుభవించుట వలన వచ్చిన జ్ఞానమది. ఇట్టి పాత్రధారణ క్రీడను బోధనకు సాధనముగా మలచుకొనుట ఎట్లో నేడు మనవి చేయదలచితిని.

నా ఉద్యోగము ప్రచారము. భూగర్భ జలమును పొదుపు చేయుడని అనేక గ్రామములలో ఉపన్యసించితిని. ఒకచోట సభ ముగిసిన పిమ్మట ఒక వృద్ధ రైతు లేచి, “అయ్యా, తమరు చెప్పినది నిజమే. నేనొక్కడనే వరి మానినచో పక్కవాడు నీరు తోడక మానునా?” అని అడిగెను. నా యొద్ద సమాధానము లేకపోయెను. ఆ ప్రశ్నకు ఉపన్యాసము చాలదు, ఆట కావలెను.

ఆ ఆటను మీ పాఠశాలలోనే తయారు చేయవచ్చును. ఒక గిన్నెలో 50 చింతపిక్కలు పోయుడు. అది ఊరి క్రింది నీరు. ఐదుగురు పిల్లలను రైతులుగా కూర్చుండబెట్టుడు. ప్రతి పంటకాలమునందును ఒక్కొక్కరు ‘వరి’ అనియో ‘వేరుసెనగ’ అనియో చీటీపై రహస్యముగా వ్రాయవలెను. వరికి 3 పిక్కలు ఖర్చు, 5 రూపాయల రాబడి. వేరుసెనగకు 1 పిక్క ఖర్చు, 2 రూపాయల రాబడి. ఆట రూపాయలకు కాగితపు ముక్కలు చాలును. పంట ముగియగనే వాన కురిసినట్లు 5 పిక్కలు గిన్నెలో తిరిగి వేయుడు.

ఐదుగురును వరియే వేసిరనుకొనుడు. ఏటికి 15 పోవును, 5 వచ్చును. నాలుగు పంటలకు తలకు 20 రూపాయలు చేరును. గిన్నెలో 10 పిక్కలే మిగులును. ఐదవ పంటకు అందరికీ నీరు చాలదు. అందరును వేరుసెనగ వేసినచో పది పంటలకు అదే 20 రూపాయలు వచ్చును. గిన్నె మాత్రము మొదటివలె నిండుగానే యుండును. తొలిసారి మాటలాడుకొనకుండ ఆడింపుడు. రెండవసారి తమలో తాము సంప్రదించుకొన నిండు. ఒప్పందము చేసికొని కూడ ఒకడు చాటుగా ‘వరి’ వ్రాసినప్పుడు మిగిలినవారి ముఖములు చూడుడు. ఆ వృద్ధుని ప్రశ్న అప్పుడు వారి ప్రశ్నయగును.

ఇది కేవలము ఊహ కాదు. అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థవారును, ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీవారును కలిసి అనంతపురము జిల్లా గ్రామములలో ఇట్టి భూగర్భ జల క్రీడలను రైతులచే ఆడించిరి. స్త్రీలును పురుషులును ఆడిరి. ఆట తరువాత ఊరివారందరితో చర్చ జరిపిరి. 2018లో ప్రచురించిన ఫలితముల ప్రకారము, ఏడాది గడచిన పిదప, ఆట ఆడిన గ్రామములలో నీటి లెక్కల పుస్తకములు పెట్టుకొన్నవియు, నీటి వాడుకకు కట్టుబాట్లు చేసికొన్నవియు ఎక్కువగా కనబడెను. అయితే ఆట ఒక్కటే నీటి తరుగుదలను ఆపజాలదని కూడ ఆ పరిశోధకులే స్పష్టము చేసిరి.

కనుక క్రీడను కూర్చువారు ఐదు సంగతులు గమనింపవలెను. ఒకటి పాత్ర: ఎవరు ఎవరో తెలుపు చీటీ. రెండు పరిమితమైన వనరు: నీరో, ధనమో, మేతబీడో. మూడు నియమము: బాలునికి సైతము ఒక్కసారి చెప్పిన అర్థము కావలెను. నాలుగు ఆకస్మిక ఘటన: ‘ఈ ఏడు వాన లేదు’ అను చీటీ వంటిది. ఐదవది, అన్నింటికంటె ముఖ్యమైనది, ఆట చివరి చర్చ. “నీవట్లేల చేసితివి? మన ఊరిలో ఇట్లే జరుగుచున్నదా?” అని అడుగనిచో ఆట కాలక్షేపమై పోవును.

కంప్యూటరు ఉన్న పాఠశాలలకు క్రిస్ క్లైమాస్ 2009లో రూపొందించిన ‘ట్వైన్’ అను ఉచిత సాధనము ఉపకరించును. కథ వ్రాసి, ఒక్కొక్క మలుపున పాఠకుడు ఎన్నుకొనుటకు రెండు మూడు దారులు చూపవచ్చును. కాని అది ప్రధానముగా ఒక్కరు చదువుకొను కథ. పదిమంది ఎదురుబదురుగా కూర్చుండి బేరమాడుటకు చింతపిక్కలే మేలు.

ఒక్క హెచ్చరిక. తమకు కావలసిన ఫలితమే వచ్చునట్లు ఆటను ముందే బిగింపకుడు. పిల్లలు ఓడిపోవుగాక, గిన్నె ఎండిపోవుగాక. గిన్నె ఎండినచో మరల నింపవచ్చును. ఊరి బోర్లు ఎండినచో అంత సులువుగా నింపజాలము. ఆ తేడాను వారు ఈడేరి పొలము చేతికి రాకముందే తెలిసికొన్నచో మీ శ్రమ ఫలించినట్లే.

తిరిగి వెళ్ళిన వారములోనే ఒక్క తరగతిలో ఈ ఆట ఆడింపుడని కోరుచు, సెలవు తీసికొనుచున్నాను.