లెక్క తప్పిన బుట్ట

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా గుండుగొలనులో యువతీ యువకులతో చేసిన ప్రసంగ పాఠం)

ఏలూరు వైపు నుంచి, తాడేపల్లిగూడెం వైపు నుంచి, కొల్లేటి లంకల నుంచి పనులు మానుకుని వచ్చారు. బుట్టాయగూడెం నుంచి కోయ సోదరులు కూడా వచ్చారు. చాలా సంతోషం.

పొద్దున టీ తాగే చోట ఒక చెల్లెలు మాతో ఒక మాట చెప్పింది. ఎవరన్నది చెప్పం. వాళ్ల నాయనమ్మ సోది చెప్పే తీరు నేర్చుకుని, పాడి, ఫోనులో వీడియో తీసుకుందట. నలుగురికీ పంపింది. మధ్యలో రెండు మాటలు తారుమారయ్యాయి. ఎవరో నవ్వారు. వెంటనే తీసేసింది. మళ్లీ పాడలేదు. ఈ రోజు మేము మాట్లాడేది ఆ తీసేసిన వీడియో గురించే.

తప్పు పోతుందన్న భయం అందరికీ ఉంటుంది. మన ఇళ్లలో అది ఇంకాస్త ఎక్కువ. దానికి కారణం ఉంది. 1871లో ఆంగ్లేయులు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించారు. ఎరుకల వాళ్లను ఆ జాబితాలో చేర్చారు. మనిషి చేసిన పనిని చూడకుండా పుట్టిన కులాన్ని చూసి ముద్ర వేశారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం ఆ రోజుల్లో పెట్టిన సెటిల్మెంటే. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. భయం మాత్రం అదే రోజున పోలేదు. బస్సులో, బడిలో మన కుర్రు భాష మాట్లాడొద్దని పిల్లలకు చెప్పిన తల్లులున్నారు. పిల్లల్ని కాపాడుకోవడానికే అలా చెప్పారు, వాళ్లను తప్పుపట్టలేం. కానీ ఆ భయం ఇప్పుడు మన పాట మీద, మన చేతిపని మీద కూర్చుంది.

మా సొంత సంగతి ఒకటి చెబుతాం. దబ్బ ఎరుకల ఇళ్ల వాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. గుండ్రటి బుట్టను ఒకే దబ్బతో అల్లేటప్పుడు నిలువు బద్దలు బేసి సంఖ్యలో ఉండాలి. ఒక బద్ద ముందు నుంచి, ఇంకో బద్ద వెనక నుంచి దబ్బ తిరుగుతుంది. బేసి అయితే రెండో చుట్టులో ముందూ వెనకా మారతాయి, అల్లిక బిగుస్తుంది. సరి సంఖ్య అయితే ప్రతి చుట్టూ పోయిన దారినే పోతుంది, అల్లిక పట్టు దొరకదు.

మేము చిన్నప్పుడు మొదటి బుట్టకు పదహారు బద్దలు నిలబెట్టాం. రెండో చుట్టుకే జారిపోయింది. ఏడుస్తూ విసిరేయబోతే తాత ఆపాడు. ఆ రెండు చుట్లూ విప్పించాడు. కత్తి తీసుకుని ఒక బద్దను నిలువునా రెండుగా చీల్చాడు. పదహారు కాస్తా పదిహేడయ్యాయి. "ఇప్పుడు అల్లరా" అన్నాడు. బుట్ట పూర్తయింది. చీలిన బద్ద ఉన్నచోట కాస్త వంకర కనిపిస్తూనే ఉండేది. అమ్మ అందులోనే చాన్నాళ్లు ఉల్లిపాయలు పోసుకుంది.

లెక్క తప్పిందని అల్లడం మొదలుపెట్టాకే తెలిసింది. అల్లకుండా కూర్చుంటే ఎప్పటికీ తెలిసేది కాదు. తాత ఆ తప్పును దాచలేదు, బుట్టను పారేయనూ లేదు. దాన్ని పనికొచ్చేలా చేశాడు.

తప్పులన్నీ ఒకటే అని మేము అనడం లేదు. అంచు వదులుగా కడితే బుట్ట బరువు మోయదు, విప్పి మళ్లీ కట్టాల్సిందే. పాటలో ఒక పూర్వీకుడి పేరు మారిపోతే, ఒక ఇంటిపేరు తప్పుగా రాస్తే దిద్దాల్సిందే. అల్లికలో కొద్దిగా వంకర ఉందనో, గొంతు ఒకచోట వణికిందనో పనినే మానేయక్కర్లేదు. ఏది దిద్దాలో, ఏది వదిలేయాలో చేస్తూ ఉంటేనే తెలుస్తుంది.

మనం ఏకలవ్యుణ్ణి మూలపురుషుడిగా చెప్పుకుంటాం. మట్టిబొమ్మను గురువుగా పెట్టుకుని ఒక్కడే విలువిద్య నేర్చాడు. కుక్క నోటినిండా బాణాలు కొట్టిన సంగతి అందరూ చెబుతారు. అంతకుముందు అడవిలో గురి తప్పిన బాణాలు ఎన్నో కథలో లేదు. బొమ్మ మాట్లాడదు కదా, చెయ్యి ఎక్కడ వణికిందో చెప్పదు. తప్పిన బాణమే అతనికి చెప్పి ఉండాలి.

కోయ సోదరుల కళ సంగతీ చూడండి. డోలి మీద కోయల కథలు పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఆయన పాడింది నోటి నుంచి నోటికి వచ్చిన చరిత్ర. అలాంటి పాట పాడేవాళ్లుంటేనే బతుకుతుంది. అచ్చంగా వచ్చేదాకా నోరు తెరవనని ఒక తరం అనుకుంటే చాలు, ఆ పాట అక్కడితో ఆగిపోతుంది.

మన కుర్రు భాషకు సొంత లిపి లేదు. తెలుగు అక్షరాల్లోనే రాసుకుంటున్నాం. వెనకటి సంచికలో ఒక పాట అచ్చువేసినప్పుడు మేము కొన్ని మాటలు తప్పుగా విని రాశాం. ఒక పెద్దమ్మ మనవడి చేత చదివించుకుని విని, "ఇది ఎవడు రాశాడు?" అని కోప్పడింది. సిగ్గుపడుతూనే ఆమె దగ్గరికి వెళ్లాం. ఆ మాటలు సరిచేసింది. మాకు అసలు తెలియని రెండు చరణాలు కూడా పాడి వినిపించింది. మేము తప్పు రాసి ఉండకపోతే ఆ చరణాలు మాదాకా వచ్చేవి కావు.

కాబట్టి మిమ్మల్ని అడిగేది ఇంతే. పాడండి, అల్లండి, గీయండి, రాయండి. పూర్తయ్యాక ఇంట్లో పెద్దవాళ్లకు చూపించండి. వాళ్లు దిద్దితే కింద "ఫలానా అమ్మమ్మ సరిచేసింది" అని రాయండి. మొదటి ప్రయత్నాన్ని పారేయకండి, రెండోదాని పక్కనే ఉంచండి. తోటివాడు తడబడితే నవ్వకండి. ఆ నవ్వు వల్లే ఒక పాట మనకు దక్కకుండా పోయింది.

చెల్లెమ్మా, నాయనమ్మ పక్కన కూర్చుని మళ్లీ పాడు. రెండు మాటలు తప్పితే ఆమె అందుకుంటుంది. ఆమె అందుకోగలిగిన ఈ రోజుల్లోనే పాడాలి.

సెలవు.