ఇంటి వసారాలో పంట కాపరి



చీకటిపడి వసారాలో దీపం వెలిగించగానే రకరకాల పురుగులు వచ్చి చేరడం మీకు తెలిసిందే. వాటిలో లేత ఆకుపచ్చ రంగు గల సుకుమారమైన పురుగు ఒకటి ఉంటుంది. అర అంగుళం పొడవు. సన్నని వల అల్లినట్లుండే రెక్కలు. బంగారు రంగులో మెరిసే కళ్ళు. గోడమీద వాలినప్పుడు రెక్కలను పూరింటి కప్పులాగా రెండు పక్కలకూ దించుకొని కూర్చుంటుంది. దీనినే అల్లిక రెక్కల పురుగు అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు క్రైసోపెర్లా.

మా వసారాలో దీనిని చూచి సెల్‌ఫోనుతో ఫోటో తీశాను. మరునాడు పెరట్లో చిక్కుడు పాదును వెదికితే, పేనుబంక పట్టిన ఆకు అడుగున దాని గుడ్లు దొరికాయి. వెంట్రుకవంటి కాడ, కాడ చివర ఆవగింజకన్న చిన్న గుడ్డు! తెలియనివారు బూజు అనుకొని మందు కొడతారు. నష్టం అక్కడే ఉంది.

ఎందుకంటారా? మూడు నాలుగు రోజులకు ఆ గుడ్డు నుండి కొడవళ్ళవంటి రెండు కోరలతో పిల్లపురుగు వస్తుంది. పేనుబంకను పట్టి, రసం పీల్చి, డొల్లను వదిలేస్తుంది. తెల్లదోమ పిల్లలు, పిండినల్లి, కాయతొలుచు పురుగు గుడ్లు అన్నీ దానికి ఆహారమే. ఆకలైతే తోబుట్టువులను సైతం వదలదు. గుడ్డు కాడమీద ఉండటం అందుకొక రక్షణ. పెద్ద పురుగుకు పూలతేనె, పుప్పొడి చాలు.

"ఒక చిన్న పురుగుకు ఇంత విలువా?" అని మీరడగవచ్చు. 1980ల నడుమ గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పత్తికి పైరిత్రాయిడ్ మందులు పదేపదే చల్లారు. మిత్రపురుగులు నశించాయి. తెల్లదోమ విజృంభించడానికి అదొక కారణమైంది. ఎందరో రైతులు అప్పుల పాలయ్యారు.

అందుచేత, కొత్త పురుగు కనబడితే ముందు ఫోటో తీయండి. దాన్ని పట్టుకోవద్దు. ఫోనును జానెడు దూరంలో కదలకుండా పట్టుకొని, తెరమీద పురుగు ఉన్నచోట వేలితో తాకండి, బొమ్మ తేటపడుతుంది. మీ నీడ పడనీయకండి. గుడ్లకైతే వెనుక నల్లగుడ్డ పట్టండి. పక్కన బియ్యపుగింజ ఒకటి పెడితే పురుగు ఎంతదో తెలుస్తుంది. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తీసి, పంట పేరు, తేదీ రాసి మీ విస్తరణాధికారికి పంపండి.

తోటి విస్తరణ కార్యకర్తలకూ ఒక మనవి. ఫోటో వచ్చిననాడే జవాబు చెప్పండి. మనం ఆలస్యం చేస్తే రైతు మందు డబ్బా మూత తీస్తాడు.

పేనుబంక ఉన్నచోట ఈ పిల్లపురుగులు, అక్షింతల పురుగులు కూడా తిరుగుతుంటే, రెండు మూడు రోజులు ఆగి, మళ్ళీ అవే మొక్కలను చూడండి. పేనుబంక తగ్గుముఖం పట్టిందా, మందు ఖర్చు మీ చేతిలో మిగిలినట్లే. తగ్గలేదంటే అప్పుడు సలహా అడిగి, తగిన మందు వాడుకోండి. ఏ పనైనా చూచి చేద్దాం, చూడకుండా చల్లవద్దు.