ములాఖత్ మానకండి



మా వీధిలో ఒకావిడ కొడుకు మూడు నెలలుగా రిమాండులో ఉన్నాడు. "జైలు గడప తొక్కితే పరువేం మిగుల్తుంది వదినగారూ?" అంటూ ఆవిడ చూడబోలేదు. పోయినవారం మనసొప్పక వెళ్ళొచ్చి, నా దగ్గర కూర్చుని ఏడ్చింది. పిల్లవాడు తిండి మానేశాడట. నిద్ర లేదట. పలకరిస్తే గోడకేసి చూస్తాడట!

2022 లెక్కల ప్రకారం మన దేశపు జైళ్ళలో ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా విచారణలో ఉన్నవారే. శిక్ష పడ్డవాడికి లెక్కపెట్టుకోవడానికి రోజులైనా ఉంటాయి. వీళ్ళకి వాయిదా మీద వాయిదా. ఆ ఎదురుచూపే మనసును తొలిచేస్తుంది. ఆ ఒక్క ఏడాదిలోనే వందమందికి పైగా ఖైదీలు జైళ్ళలో ప్రాణాలు తీసుకున్నారు.

కనుక దీన్ని నాటకమని కొట్టిపారేయకండి. ఒంటికి వచ్చినట్టే మనసుకూ జబ్బు వస్తుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఖైదీలకూ వర్తిస్తుంది. జైలు ఆస్పత్రిలో మానసిక వార్డు లేకపోతే బయటి వైద్యశాలకు పంపే ఏర్పాటుంది. మీరు గమనించినవన్నీ కాగితం మీద రాసి జైలు సూపరింటెండెంటుకో, డాక్టరుకో ఇవ్వండి. నోటిమాటగా చెప్పి ఊరుకోకండి. వకీలుకు డబ్బు లేదంటారా? నిర్బంధంలో ఉన్నవారికి 1987 చట్టం ప్రకారం ఉచితంగా వకీలును పెడతారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి.

అన్నిటికన్నా ముందు, ములాఖత్ రోజు మానకండి. తప్పొప్పులు కోర్టు తేలుస్తుంది. "నీకోసం ఇంట్లో ఎదురుచూస్తున్నాం" అన్న మాట మాత్రం మనమే చెప్పాలి.

మా వీధి ఆవిడ మంగళవారం మళ్ళీ వెళ్తోంది. తోడుగా నేనూ వెళ్తున్నాను.